వంద సీసీ తర్వాత ఏ బండి?

మన దేశంలో గేరు బండి లైసెన్సుకు మెట్లు లేవు. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్న 30 రోజుల తర్వాత పరీక్ష పాసైతే చాలు, 97 సీసీ స్ప్లెండర్ నుంచి 648 సీసీ ఇంటర్‌సెప్టర్ దాకా ఏదైనా నడపొచ్చు. ఐరోపాలో అలా కుదరదు. 16 ఏళ్లకు 125 సీసీ, 11 కిలోవాట్లు దాటని బండి ఇస్తారు. 18 ఏళ్లకు 35 కిలోవాట్ల లోపు. ఆపైన కావాలంటే ఆ రెండో మెట్టు మీద రెండేళ్లు నడిపి ఉండాలి, లేదా 24 ఏళ్లు నిండాలి. బరువుకు తగ్గ శక్తి ఉండాలని కూడా అక్కడ ఒక గీత గీశారు: రెండో మెట్టులో కేజీకి 0.2 కిలోవాట్లు మించకూడదు. మన కుర్రాళ్లు మోజు పడే కేటీఎం 390 డ్యూక్ దాదాపు ఆ గీత మీదే ఉంటుంది.

బెజవాడలో ఏడాదో రెండేళ్లో నాన్న స్ప్లెండరో, ఇంట్లో ఉన్న షైనో నడిపి, ఇప్పుడు సొంతానికి ఒకటి కొనాలనుకునే వాళ్లకు ఆ మెట్లు ఎవరూ కట్టిపెట్టలేదు. వాళ్లే కట్టుకోవాలి. షోరూంలో అడుగుపెట్టగానే మాట సీసీతో మొదలవుతుంది, అక్కడే లెక్క తప్పుతుంది. సీసీ చూస్తే ఇన్సూరెన్సు ఎంతో, పన్ను ఎంతో తెలుస్తుంది. బండి మీ చేతికి లొంగుతుందా లేదా అన్నది తెలియదు. అది తెలియాలంటే మూడు అంకెలు చూడాలి: బరువు, బరువుతో పోల్చిన శక్తి, సీటు ఎత్తు.

స్ప్లెండర్ ప్లస్ 112 కేజీలు, 8 పీఎస్. పల్సర్ 150 బరువు 148 కేజీలు, శక్తి 14 పీఎస్. అపాచీ ఆర్‌టీఆర్ 160 4వీ సుమారు 145 కేజీలు, 17.5 పీఎస్. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 చూస్తే 195 కేజీలు, 20 పీఎస్ పైచిలుకు. 390 డ్యూక్ 168 కేజీలే, కానీ 46 పీఎస్. నడిపే మనిషి 70 కేజీలని కలిపి, టన్నుకు ఎంత శక్తి పడుతుందో లెక్కేద్దాం. స్ప్లెండర్‌కు 44, పల్సర్‌కు 64, అపాచీకి 81, క్లాసిక్‌కు 76, డ్యూక్‌కు 193 వస్తుంది.

ఈ వరుసను మరోసారి చూడండి. 350 సీసీ క్లాసిక్ కన్నా 160 సీసీ అపాచీకే పికప్ ఎక్కువ. ఇళ్లలో అమ్మానాన్నలు భయపడేది మాత్రం "బుల్లెట్టా, వద్దురా" అనే. నిజానికి క్లాసిక్‌లో కొత్తవాళ్లను ఇబ్బంది పెట్టేది వేగం కాదు. స్ప్లెండర్ మీద అదనంగా ఉన్న 83 కేజీలు. కరకట్ట మీద ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే మట్టి అంచుకు దిగి ఆగాలి. కుడి కాలు కింద గులక జారితే 112 కేజీల బండిని తొడబలంతో నిలబెట్టుకోవచ్చు. 195 కేజీలది ఒకసారి ఒరిగిందంటే దానితోపాటే పోవాలి. మొగల్రాజపురం కొండవాలు ఇళ్ల ముందు బండిని వెనక్కి నెట్టి తిప్పుకునే వాళ్లకు ఈ తేడా రోజూ రెండుసార్లు తెలుస్తుంది. డ్యూక్ సంగతి దీనికి తలకిందులు. ఒంటికి తేలికే. స్ప్లెండర్‌కు అలవాటైన మణికట్టు తిప్పినంత తిప్పితే మాత్రం నాలుగు రెట్లకు పైగా శక్తి ఒక్కసారిగా మీద పడుతుంది.

సీటు ఎత్తు పల్సర్‌కు, స్ప్లెండర్‌కు ఒకటే, 785 మిల్లీమీటర్లు. క్లాసిక్‌కు 805, డ్యూక్‌కు 820. అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి ఆ 35 మిల్లీమీటర్లే రెండు పాదాలూ ఆనడానికీ మునివేళ్లు మాత్రమే ఆనడానికీ మధ్య తేడా.

ఇక బ్రేకు. షోరూంలో ఎవరూ విడమరిచి చెప్పని విషయం ఇది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు బండ్లకు ముందు వెనక చక్రాలు కలిసి ఆగే ఏర్పాటో, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్సో ఉండాలి, అంతకు మించితే ఏబీఎస్ తప్పనిసరి. స్ప్లెండర్‌లో కాలి బ్రేకు నొక్కితే ముందు చక్రానికీ కొంత పట్టు అందుతుంది. ఏళ్ల తరబడి కాలితోనే ఆపడం అలవాటైపోయిన వాళ్లు అపాచీయో క్లాసిక్కో ఎక్కితే, అదే కాలు వెనక చక్రాన్ని మాత్రమే పడుతుంది. బండి బరువంతా ముందుకు తూగే సమయంలో అసలు పని చేయాల్సింది ముందు చక్రం. సింగిల్ చానెల్ ఏబీఎస్ అయితే ముందు చక్రానికే ఆ రక్షణ ఉంటుంది. కాబట్టి కంగారులో కాలితో గట్టిగా తొక్కితే వెనక చక్రం బిగుసుకుని తోక పక్కకు కొడుతుంది. పది వేలు ఎక్కువైనా డ్యూయల్ చానెల్ తీసుకోమని నేను గట్టిగా చెబుతాను. అంతకన్నా ముఖ్యం, మొదటి వారం ఖాళీ రోడ్డు చూసుకుని 30లో, తర్వాత 40లో రెండు వేళ్లతో ముందు బ్రేకును క్రమంగా పిండుతూ ఆపడం సాధన చేయడం. గేర్లు కూడా మారతాయి. స్ప్లెండర్‌లో నాలుగూ ఒకే దిశలో పడతాయి. పెద్ద బండ్లలో ఒకటో గేరు కిందికి, మిగతావి పైకి.

ఎంత దూరంలో ఆగుతుందో కూడా చూద్దాం. ప్రమాదం కనబడ్డాక చేయి కదలడానికి ఒక సెకను, పొడి రోడ్డు మీద సెకనుకు 6 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుందని అనుకుంటే, 40 కిలోమీటర్ల వేగంలో సుమారు 21 మీటర్లకు ఆగుతారు. 60లో 40 మీటర్లు. 80లో 63 మీటర్లు. వేగం రెట్టింపైతే దూరం మూడు రెట్లవుతోంది. తడి రోడ్డు మీద 60లోనే 50 మీటర్లు దాటుతుంది. డెల్టాలో తడికి వానే పడక్కర్లేదు. దమ్ము చేసే రోజుల్లో పొలంలోంచి ఎక్కిన ట్రాక్టర్ చక్రాల మట్టి తారు మీద పరుచుకుని ఉంటుంది. కోతల తర్వాత సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేరుస్తారు. గింజల మీద చక్రం పడితే ఏ ఏబీఎస్సూ పూర్తిగా కాయదు. స్ప్లెండర్ మీద 60 దాటని చోట కొత్త బండి తెలియకుండానే 80కి చేరుతుంది, రోడ్డు మాత్రం పాతదే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. ఆ ఏడాది హెల్మెట్ లేక పోయిన ప్రాణాలు 50,029. బండి బడ్జెట్‌లోంచి నాలుగు వేలు మొదటే పక్కన పెట్టి ఐఎస్‌ఐ గుర్తున్న మంచి హెల్మెట్ కొనండి.

డబ్బు లెక్కకు వద్దాం. సీసీ అక్కరకొచ్చేది ఇక్కడే. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం, కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం 75 నుంచి 150 సీసీకి 3,851 రూపాయలు, 350 వరకు 7,365, ఆపైన 15,117. పల్సర్ 150 ఇంజను 149.5 సీసీ, అపాచీది 159.7. పది సీసీ తేడాకు 3,514 రూపాయలు. జీఎస్టీ గీత 350 దగ్గర ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ లోపు బండ్లకు 18 శాతం, దాటితే 40 శాతం. పన్నుకు ముందు రెండు లక్షలున్న బండి గీతకు ఇవతల ఉంటే 36,000, అవతల ఉంటే 80,000 పన్ను. 349 సీసీ క్లాసిక్ ఇవతల, 399 సీసీ డ్యూక్ అవతల.

పెట్రోలు లీటరు 110 రూపాయలు అనుకుందాం. కంకిపాడు నుంచి బెజవాడ వచ్చి పోతూ, ఊళ్లో తిరుగుడు కలిపి రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే మనిషికి 60 మైలేజీ ఇచ్చే బండి మీద 1,833 రూపాయలవుతుంది. 35 ఇచ్చే దాని మీద 3,143. లక్షన్నర అప్పు 12 శాతం వడ్డీకి మూడేళ్లలో తీరిస్తే వాయిదా నెలకు 4,982. పెట్రోలు తేడా 1,310 కూడా కలిపితే, ఇప్పటి ఖర్చు మీద నెలకు 6,300 దాకా పెరుగుతుంది. మొదటి జీతం అందుకుంటున్న వాళ్లు ఈ అంకెను కాగితం మీద రాసుకోవాలి.

నా మాట అడిగితే, రోజూ బందరు రోడ్డు మీద బెంజి సర్కిల్ దాకా వచ్చి పోయే వాళ్లకు, వెనక అమ్మ చీరలో ఒకవైపు కూర్చుని గుడికి వచ్చే ఇళ్లకు, డిస్క్ బ్రేకులున్న 150, 160 సీసీ బండి సరిపోతుంది. శక్తి దాదాపు రెట్టింపవుతుంది, బరువు 36 కేజీలు దాటి పెరగదు, బ్రేకు బాగా మెరుగవుతుంది. వెనక చక్రానికి చీర గార్డు, పట్టుకోవడానికి పిడి ఉండాలని మోటారు వాహన నిబంధనలే చెబుతున్నాయి. డెలివరీ రోజున గార్డు బిగించారో లేదో చూసుకోండి. నెలకు రెండు మూడుసార్లు ఏలూరు, గుంటూరు దాటి హైవే మీద పోయేవాళ్లు, బరువు మోయగలమని టెస్ట్ రైడ్‌లో తేల్చుకున్నవాళ్లు 350 తీసుకోవచ్చు. 390 తరగతిని మాత్రం ఇంకో రెండేళ్లు ఆపమంటాను. మే నెల మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర రేడియేటర్ ఫ్యాను వేడి గాలి కాళ్ల మీదికి కొడుతుంది, ఆ శక్తి వాడుకునే చోటు కూడా ఊళ్లో దొరకదు.

సెకండ్ హ్యాండ్ మంచి దారే, ఒక్క జాగ్రత్తతో. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. బండ్లూ మునిగాయి. రంగు వేసి, సీటు మార్చి అమ్మితే పైకి కనబడదు. సీటు ఎత్తి వైరింగ్ కప్లర్లు విప్పి చూడండి, రాగి పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. హెడ్‌లైటు డోము లోపల, ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూలల్లో ఎండిన ఒండ్రు సన్నటి పొరలా నిలుస్తుంది. ట్యాంకులోకి టార్చి వేసి తుప్పు చూడండి. ఇంజనాయిలు పాలు కలిపినట్టుంటే బేరం మానేయండి. ఆటోనగర్‌లో నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకెళితే ఇదంతా అరగంట పని. కాగితాల్లో ఫారం 29, 30 మీద అమ్మేవారి సంతకాలు, ఫైనాన్సు ఉంటే తీరినట్టు ఫారం 35 ఉండాలి.

పాత బండి మీ పేరునే ఉండి, క్లెయిమ్ చేయకుండా నడిపి ఉంటే, దాన్ని అమ్మేటప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ లెటర్ అడిగి తీసుకోండి. ఆ బోనస్ బండిది కాదు, మీది. ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో క్లెయిమ్ లేని ఒక ఏడాదికి 20 శాతం, వరుసగా అయిదేళ్లయితే 50 శాతం తగ్గుతుంది. కొత్త బండి పాలసీకి ఆ లెటర్ జత చేస్తే చాలు. మీరు అడక్కపోతే డీలరు దగ్గర సున్నా నుంచే మొదలవుతుంది.