గోదావరిఖని ఎండకు ఏ ట్యాబ్, ఏ ల్యాప్‌టాప్?

కొత్త ట్యాబ్ పెట్టెలో చిన్న అక్షరాల కాగితం ఒకటి వస్తుంది. చాలామంది దాన్ని మడత విప్పకుండానే పడేస్తారు. ఆపిల్, శాంసంగ్ లాంటి కంపెనీలు తమ పరికరాల గురించి చెప్పే ఒక ముఖ్యమైన మాట అలాంటి చిన్న అక్షరాల్లోనే ఉంటుంది: చుట్టూ ఉన్న గాలి 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడే వాడండి అని. గోదావరిఖని ఉన్న రామగుండంలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. స్లాబు కింద గది రాత్రి పొద్దుపోయాక కూడా సెగలు కక్కుతూనే ఉంటుంది. అంటే పిల్లల చదువుకని కొన్న పరికరం ఏటా వేసవంతా కంపెనీ గీసిన గీత అవతలే బతకాలి. దీనికి తోడు ఓసీపీల (ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల) దుమ్ము, బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్ల దుమ్ము. అందుకే సింగరేణి బొగ్గు గనుల బెల్టులో ట్యాబ్ కొనాలా, ల్యాప్‌టాప్ కొనాలా అన్న ప్రశ్నకు ఎక్కడో ఏసీ గదిలో తీసిన వీడియో చూసి జవాబు చెప్పుకోలేం.

ముందు బ్యాటరీ సంగతి. లిథియం అయాన్ బ్యాటరీలో రుణ ధ్రువం సాధారణంగా గ్రాఫైట్‌తో చేస్తారు. అదీ కార్బనే, మన బొగ్గుకు దగ్గరి చుట్టమే. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు వచ్చి ఈ గ్రాఫైట్ పొరల మధ్య చేరతాయి. గ్రాఫైట్‌కూ, లోపలి ద్రవానికీ నడుమ మొదటి ఛార్జింగుల్లోనే సన్నని పొర ఒకటి ఏర్పడుతుంది. ఆ పొర ఉండాల్సిందే. కానీ వేడి పెరిగేకొద్దీ అది మందమవుతూ పోతుంది, అలా మందమైన ప్రతిసారీ కొంత లిథియాన్ని తినేస్తుంది. ఆ లిథియం ఇక ఛార్జింగుకు పనికిరాదు. పది డిగ్రీల వేడి పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది మోటు లెక్క. బ్యాటరీ నూటికి నూరు శాతం నిండి ఉన్నప్పుడు ఈ నష్టం ఇంకా ఎక్కువ. రోజంతా ప్లగ్గులోనే ఉంచిన ట్యాబ్ రెండో వేసవికల్లా గంటకోసారి ఛార్జర్ అడుగుతోందంటే కారణం ఇదే కావచ్చు. ఛార్జింగును 80 లేదా 85 శాతం దగ్గర ఆపే ఏర్పాటు చాలా కొత్త పరికరాల సెట్టింగుల్లో ఉంది. కొన్న రోజే దాన్ని ఆన్ చేసుకోవాలి. ఎండాకాలంలో ఛార్జింగు తెల్లవారుజామున పెట్టుకోవడం మేలు.

ఇక చిప్. ట్యాబ్‌లలో దాదాపు వేటికీ ఫ్యాను ఉండదు. లోపలి వేడి వెనుక రేకు గుండానే బయటికి పోవాలి. బయటి గాలే కాలుతుంటే పోయే దారి ఉండదు. అప్పుడు చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో ఆన్‌లైన్ క్లాసు మధ్యలో ట్యాబ్ నత్తనడక నడిస్తే అది చెడిపోయిందని అర్థం కాదు. చాలా ల్యాప్‌టాప్‌లకు ఫ్యాను ఉంటుంది కాబట్టి వేడిని బాగానే తట్టుకుంటాయి. కానీ ఆ ఫ్యానే అడుగు నుంచి గాలితో పాటు దుమ్మునూ లోపలికి లాగుతుంది. సన్నని రాగి, అల్యూమినియం రేకుల మధ్య ఆ దుమ్ము అట్టకట్టి, చిప్‌కు దుప్పటి కప్పినట్టు చేస్తుంది. మంచం మీద పరుపుపై పెట్టి వాడితే దుమ్ముకు దూది కూడా తోడవుతుంది. గట్టి చెక్క బల్ల మీదే వాడాలి. వేసవి రాకముందు ఒకసారి రిపేరు తెలిసినవాళ్లతో తెరిపించి శుభ్రం చేయించాలి. ఎయిట్ ఇంక్లైన్ కాలనీలోనో, ఓసీపీకి దగ్గరి ఊళ్లలోనో ఉండేవాళ్లు ఈ పని ఏడాదికి రెండుసార్లు చేయించుకున్నా తప్పులేదు.

ఇంత చెప్పాక ట్యాబే నయం అనిపించవచ్చు. తొందరపడకండి, అసలు తేడా తెర దగ్గర ఉంది. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. పాఠ్యపుస్తకం పేజీ అంత ఉందనుకుందాం. 11 అంగుళాల ట్యాబ్ నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు సుమారు 148 మిల్లీమీటర్లు, అంటే పేజీ 70 శాతానికి కుదించుకుపోతుంది. అయినా చదవచ్చు. 8.7 అంగుళాల ట్యాబ్‌లో పేజీ 54 శాతమవుతుంది, ఫోన్‌లో మూడో వంతే. భౌతికశాస్త్రం పటంలో బాణాల పేర్లు కనిపించాలంటే వేళ్లతో సాగదీస్తూ ఉండాలి. అలా సాగదీసినప్పుడు మిగతా పేజీ కళ్ల ముందు ఉండదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరు 21 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచింది. పాఠాలను ముందే అందులో నింపి ఇవ్వడం మంచి ఆలోచన, నెట్ లేని ఇంట్లోనూ పాఠం నడుస్తుంది. కానీ అవి 8.7 అంగుళాలవి. వీడియో చూడటానికి అవి చాలు, పుస్తకం చదవడానికి మాత్రం చిన్నవి. మన డబ్బుతో కొనుక్కునేటప్పుడు పదిన్నర అంగుళాల కన్నా తగ్గకూడదని నేను గట్టిగా చెబుతాను.

పదో తరగతి దాకా పిల్లలు చేసేది ఎక్కువగా చూడటం, చదవడం, కాగితం మీద లెక్క చేయడం. కరోనాతో బడులు మూతపడి, 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్ల ద్వారా పాఠాలు మొదలైనప్పుడు ఇంట్లో టీవీయే తరగతి గది అయింది. ఆ పనికి ఇప్పుడు పెద్ద తెర ట్యాబ్ చాలు. అదీ ఇంటిల్లిపాదికీ ఒకటి. నాన్న బొగ్గు బాయిలోకి దిగేటప్పుడు ఫోన్ తీసుకెళ్లకూడదు, మీథేన్ ఉండే చోట చిన్న నిప్పురవ్వ కూడా ప్రమాదం. ఆ షిఫ్టు గంటల్లో ఇంట్లో ఉన్న ఫోనే చాలా ఇళ్లలో పిల్లల పాఠశాల అవుతోంది. దాని బదులు ట్యాబ్ వస్తే మంచిదే.

ఇంటర్ నుంచి లెక్క మారుతుంది. జేఈఈ మెయిన్, ఈఏపీసెట్ కంప్యూటర్ మీద రాసే పరీక్షలు, చేతిలో ఉండేది మౌస్. వేలితో తెర తాకడమే అలవాటైన అమ్మాయి పరీక్ష రోజునే మొదటిసారి మౌస్ పట్టుకోవడం అన్యాయం. పాలిటెక్నిక్‌కో, సెంటినరీ కాలనీలోని జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీకో వెళ్తే ప్రోగ్రామింగ్, ఆటోక్యాడ్ తప్పవు. ఆండ్రాయిడ్ ట్యాబ్ మీద ఆ పని సాగదు. అప్పుడు ల్యాప్‌టాపే కొనాలి.

దుకాణంలో ప్రాసెసర్ పేరు గురించి ఎంత చెప్పినా సరే, మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ర్యామ్ ఎంత? 8 జీబీ కన్నా తక్కువైతే వద్దు. ఇంజినీరింగ్‌కైతే 16 ఉంటే మంచిది, లేదా తర్వాత పెంచుకునే స్లాటు ఉండాలి. నిల్వ ఎస్ఎస్‌డీయేనా? చవక ల్యాప్‌టాపుల్లో ఈఎంఎంసీ అనే నెమ్మది రకం పెడతారు, రెండేళ్లకే విసుగొస్తుంది. బ్యాటరీ, ఫ్యాను మార్చడానికి ఇక్కడే దొరుకుతాయా? కంపెనీ ఆఫీసుల నుంచి వచ్చే పాత ల్యాప్‌టాపులు గట్టివి, తెరిచి శుభ్రం చేయడం తేలిక. డబ్బు తక్కువ ఉన్న ఇంటికి నేను వాటినే చెబుతాను. ఒక్క షరతు: ఇంటెల్‌దైతే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది కావాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 ఎనిమిదో తరం కన్నా పాత చిప్‌లను సాధారణంగా అంగీకరించదు.

డబ్బు అంటే గుర్తొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. 2024 దసరాకు సింగరేణి 796 కోట్ల రూపాయల లాభాల వాటా పంచింది. పర్మినెంట్ కార్మికుడికి సగటున 1.90 లక్షలు వచ్చాయి. కాంట్రాక్టు కార్మికులకు 5,000 ఇచ్చారు, అదీ తొలిసారి. మొదటి ఇంట్లో ల్యాప్‌టాప్ కొనడం ఒక నిర్ణయం మాత్రమే. రెండో ఇంట్లో ఆ డబ్బుకు మంచి ట్యాబ్ కూడా రాదు. ఇద్దరి పిల్లలూ రాసేది అదే పరీక్ష, అదే మౌస్‌తో. కార్మిక సంఘాలు వచ్చే దసరా చర్చల్లో లాభాల వాటా శాతంతో పాటు ఇంకొకటి కూడా అడగాలి: ప్రతి ఏరియాలో ఒక కమ్యూనిటీ హాలులో సాయంత్రం తెరిచి ఉండే కంప్యూటర్ గది, అందులో కాంట్రాక్టు కార్మికుల పిల్లలకు ముందు చోటు.