అశోకమంటే ఆ పొడుగు చెట్టు కాదు

మీ వీధిలో అశోక చెట్టు ఉందా? ఉందనే అంటారు. ప్రహరీ గోడ పక్కన, ఆకులన్నీ కిందికి వేలాడేసుకుని స్తంభంలా నిలబడే పొడుగు చెట్టునే మనమంతా అశోకం అంటున్నాం. దాని అసలు పేరు నరమామిడి. సీతాఫలం కుటుంబంలోది. ఆకుపచ్చ నక్షత్రాల్లాంటి పూలు పూస్తుంది గానీ, అవి పూసిన సంగతే చాలామందికి తెలీదు. మంచి చెట్టే, దాని మీద నాకేం కోపం లేదు. కానీ మన్మథుడి ఐదు బాణాల్లో ఒకటైన అశోకం అది కాదు. కాళిదాసు 'మాళవికాగ్నిమిత్రం'లో అందగత్తె పాదం తాకితే గానీ పూయనని భీష్మించుకు కూర్చున్న అశోకమూ అది కాదు.

అసలుది వేరే ఉంది. నర్సరీల్లో 'సీతాశోకం' అని అడిగితే ఇస్తారు. శాస్త్రీయ నామం సరాకా అశోకా. సామర్లకోటలో కొన్నేళ్లు పనిచేసి 1793లో కలకత్తా కంపెనీ తోటకు వెళ్లిన విలియం రాక్స్‌బర్గ్ దీనికి 'జోనేసియా అశోకా' అని పేరు పెట్టాడు. నిండా పూసిన ఈ చెట్టును చూసి మురిసిపోయిన సంస్కృత పండితుడు సర్ విలియం జోన్స్ గౌరవార్థం పెట్టిన పేరది. తర్వాత జోన్స్ పేరు పోయింది, అశోకం మిగిలింది.

దీని పుట్టిల్లు వానలు బాగా పడే సతత హరితారణ్యం. పడమటి కనుమల్లో పెద్ద పెద్ద చెట్ల నీడన, వాగుల ఒడ్డున పెరుగుతుంది. ఎత్తు మహా అయితే 8, 9 మీటర్లు. కుటుంబం చిక్కుడుది, అందులోనూ మన చింతచెట్టుకు దగ్గరి చుట్టం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పూత. కొమ్మల చివరే కాదు, ముదురు కొమ్మల మీదా మానుకు అంటుకునీ గుత్తులొస్తాయి. విచ్చినప్పుడు పసుపు, ఆపైన నారింజ, వాడేముందు ఎరుపు. ఒక్క గుత్తిలోనే మూడు రంగులూ కనిపిస్తాయి. తమాషా ఏమిటంటే ఈ పువ్వుకు ఆకర్షణ పత్రాలే ఉండవు! మనం రేకులనుకునే ఆ నాలుగూ రక్షక పత్రాలు. వాటి మధ్యనుంచి పిల్లి మీసాల్లా కేసరాలు బయటికొస్తాయి. రాత్రి పెరటి తలుపు తీస్తే చాలు, వాసన లోపలికొచ్చేస్తుంది.

రాజమండ్రిలో మా పెరట్లోని చెట్టుకిప్పుడు 12 ఏళ్లు. కొత్త చిగురు వేసినప్పుడల్లా వచ్చినవాళ్లు "అయ్యో, వడిలిపోతోందండీ" అంటారు. లేత ఆకులు రాగి రంగులో, తడిగుడ్డ పీలికల్లా వేలాడతాయి మరి. అది జబ్బు కాదు. వానకారు అడవుల్లో చాలా చెట్ల చిగుళ్లు ఇంతే. కొన్నాళ్లకు అవే పచ్చబడి గట్టిపడతాయి. కంగారుపడి బిందెలకొద్దీ నీళ్లు గుమ్మరిస్తే వేళ్లు కుళ్లుతాయి.

పెంచాలంటే దాని పుట్టిల్లు గుర్తుపెట్టుకుంటే చాలు. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటు చూడండి. పెద్ద మామిడి చెట్టుకు తూర్పు పక్కన అయితే మరీ మంచిది. మొదటి రెండు మూడు వేసవులే గండం. వడగాలికి ఆకు అంచులు మాడతాయి, అందుకే పడమర వైపు తడికె కట్టాలి. మొదట్లో ఎండుటాకులు మందంగా పరిచి, నేల తడి ఆరకుండా చూడాలి. నీళ్లు మాత్రం నిలవకూడదు. ఆ ఆకుల్ని ఊడ్చి తగలబెట్టే శుభ్రత దీనికి పనికిరాదు. ఎదుగుదల నిదానం. మొక్కకు ఓపిక ఉంది, మనకే ఉండాలి.

అసలు బాధ బెరడుతో. అశోకారిష్టంలో వాడేది దీని బెరడే. అడిగేవాళ్లు ఎక్కువ, చెట్లు తక్కువ. అడవుల్లో ఒలిచి ఒలిచి, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ముప్పున్న జాతుల జాబితాలో చేరే దాకా తెచ్చారు. బజారులో అశోక బెరడు పేరుతో నరమామిడి బెరడు కలపడం కూడా మామూలే. పేరు కలిసిపోతే జరిగేది అదే!

కిందటేడు పక్కింటి అమ్మాయి వచ్చి, "అత్తయ్యగారూ, చిన్న ముక్క బెరడు ఇస్తారా? కషాయం కాచుకుంటాను" అంది. నాలుగు నెలలుగా నెలసరి బాధట, రక్తం బాగా పోతోందట. నేనివ్వలేదు. ముందు డాక్టరుకు చూపించుకోమని, నేనే వెంట వెళ్లాను. ఆకు తయారుచేసిన ఆహారం వేళ్లకు దిగేది ఆ బెరడులోంచే అని దారిలో చెప్పాను. మాను చుట్టూ ఉంగరంలా ఒలిస్తే వేళ్లు పస్తులుండి చెట్టు చస్తుంది. ముక్కే కదా అని పదిమంది వస్తే ఆ ఉంగరం పూర్తవడానికి ఎంతసేపు?

గింజలు మాత్రం అడిగినవాళ్లకల్లా ఇస్తాను. వానాకాలంలో బెత్తెడు, జానెడు కాయలు నల్లబడి పగులుతాయి. చిక్కుడు గింజల్లా ఎండబెట్టి డబ్బాలో దాచుకుంటే ఇవి మొలకెత్తవు. రాలిన వారంలోపే నాటాలి. సంచిలో సగం మట్టి, సగం ఆకు ఎరువు నింపి, గింజను అడ్డంగా పెట్టి అంగుళం లోతున కప్పి, నీడలో ఉంచాలి. మొలక మూడు వారాలకో నెలకో వస్తుంది. ఈసారి కావాలన్నవాళ్ల పేర్లు క్యాలెండర్ వెనక రాసుకున్నాను. మొదటి పేరు ఆ పక్కింటి అమ్మాయిదే.