కుక్క మీదే... కాటుకు జవాబుదారీ మీరే!

ఇంటికి కాపలా ఉంటుందని కుక్కను తెచ్చుకుంటారు. అది దొంగను ఆపుతుందో లేదోగానీ పాలబ్బాయినో, పక్కింటి పిల్లాడినో కరిస్తే? అప్పుడు బోనులో నిలబడాల్సింది కుక్క కాదు... దాని యజమాని!

2023 జనవరి. హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఓ అపార్ట్‌మెంట్. భోజనం పార్శిల్ తీసుకుని మూడో అంతస్తులోని ఫ్లాట్‌కి వెళ్లాడో కుర్రాడు. వయసు 23 ఏళ్లు. తలుపు దగ్గర నిలబడ్డాడో లేదో, లోపల్నుంచి జర్మన్ షెపర్డ్ అరుస్తూ మీదికి ఉరికింది. ప్రాణభయంతో పరుగందుకున్నాడు. కుక్కా వెంటపడింది. ఎటు పోవాలో తోచక మూడో అంతస్తు నుంచి దూకేశాడు. తీవ్రగాయాలతో ఆసుపత్రిలో చేరిన ఆ కుర్రాడు కొద్దిరోజులకే కన్నుమూశాడు.

అదే ఏడాది మే నెల. ఈసారి మణికొండ. పరుపు డెలివరీ ఇవ్వడానికి వెళ్లిన యువకుడి మీదికి డాబర్‌మన్ దూసుకొచ్చింది. అతనూ మూడో అంతస్తు నుంచి దూకాడు. గాయాలతో బయటపడ్డాడు. అదృష్టం... ప్రాణం దక్కింది.

బంజారాహిల్స్ కుర్రాడి ప్రాణం తీసింది కుక్క కాటు కాదు. భయం! అయినా పోలీసులు కుక్క యజమాని మీద కేసు పెట్టారు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమయ్యారన్నది అభియోగం. 'మా కుక్క ఎవర్నీ ఏమీ చేయదండీ' అని గేటు దగ్గర నిలబడి భరోసా ఇచ్చేవాళ్లంతా ఒకసారి ఆగి ఆలోచించాల్సిన విషయమిది.

చట్టం ఏమంటోంది?

పెంపుడు జంతువుల విషయంలో నిర్లక్ష్యం నేరమని మన దేశంలో 1860 నాటి శిక్షాస్మృతే చెప్పింది. అందులోని 289 సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకూ జైలు, లేదా వెయ్యి రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఆ సెక్షన్ నంబరు 291. జైలుశిక్ష అంతే. జరిమానా మాత్రం అయిదు వేలకు పెరిగింది.

ఈ సెక్షన్‌లో రెండు సంగతులు గమనించాలి. ఒకటి... కుక్క కరిచిందా లేదా అన్నది కాదు ప్రశ్న. మనిషి ప్రాణానికి గానీ, తీవ్రగాయానికి గానీ ఆస్కారం ఉందని తెలిసీ తగిన జాగ్రత్త తీసుకోకపోవడమే నేరం. రెండు... చట్టం 'యజమాని' అనలేదు, జంతువు 'ఎవరి అధీనంలో ఉంటే వారు' అంది. అంటే ఊరెళుతూ కుక్కను బావమరిది ఇంట్లో వదిలి వెళితే ఆ నాలుగు రోజులూ బాధ్యత బావమరిది మెడకీ చుట్టుకుంటుంది!

నిర్లక్ష్యం వల్ల ఎదుటివారికి గాయమైతే 125 సెక్షన్ కూడా తోడవుతుంది. మామూలు గాయానికి ఆరు నెలల వరకూ, ఎముక విరిగినా, ముఖం శాశ్వతంగా వికారమైనా మూడేళ్ల వరకూ జైలు పడొచ్చు. ప్రాణమే పోతే 106 సెక్షన్. పాత చట్టంలో రెండేళ్లుగా ఉన్న గరిష్ఠ శిక్ష కొత్త చట్టంలో అయిదేళ్లయింది.

ఇదంతా అజాగ్రత్త సంగతి. కావాలని ఉసిగొల్పితే? అది పూర్తిగా వేరే లెక్క. కత్తితో పొడవడం, యాసిడ్‌తో కాల్చడం లాంటి నేరాల సరసనే 'జంతువు ద్వారా గాయపరచడాన్నీ' చేర్చింది చట్టం. అంతెందుకు... ఎదుటివాడు భయపడేలా కరిచే కుక్క మూతికున్న చిక్కం విప్పబోవడం కూడా దాడి కిందికే వస్తుందని 1860 నాటి చట్టమే ఉదాహరణతో సహా వివరించింది. గోడ తగాదాలో మాటామాటా పెరిగి 'కుక్కను వదలమంటావా?' అంటూ గొలుసు మీద చెయ్యి వేసేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

కారు తలుపు తీసినందుకు...

'కుక్క కరిస్తే జైలేమిటండీ' అనుకుంటున్నారా? ముంబయిలో జరిగిన రెండు కేసులు చూడండి.

2010లో అక్కడి నేపియన్ సీ రోడ్డులో ఇద్దరు బంధువుల మధ్య ఆస్తి విషయమై వాదన జరుగుతోంది. ఒకాయన కారులో రాట్‌వైలర్ ఉంది. బయటికి రావాలని పెనుగులాడుతోంది. తలుపు తీయొద్దని రెండో ఆయన వారించాడు. ఆయన వయసు డెబ్భై దాటింది. అయినా తలుపు తెరుచుకుంది. కుక్క ఆ పెద్దాయన కాలినీ, చేతినీ కరిచేసింది. పదమూడేళ్లు నడిచిన ఆ కేసులో 2023లో మేజిస్ట్రేట్ కోర్టు యజమానికి మూడు నెలల జైలుశిక్ష వేసింది.

రెండోది వర్లీలో. 2018లో ఒకాయన తన చిన్నారి కొడుకుతో లిఫ్టులో ఉన్నాడు. మరొకాయన హస్కీ కుక్కతో వచ్చాడు. 'బాబుకి కుక్కలంటే భయం, కాస్త ఆగండి' అని అడిగినా వినలేదు. కుక్కను లిఫ్టులోకి లాక్కొచ్చాడు. అది కరిచింది. 2025 మేలో కోర్టు ఆ యజమానికి నాలుగు నెలల జైలుశిక్ష విధించింది.

రెండు చోట్లా తప్పు కుక్కది కాదు. ఎదుటివారు ముందే హెచ్చరించినా లెక్కచేయని మనిషిది. ఒక్క నిమిషం ఆగితే పోయేదానికి ఒకరు పదమూడేళ్లు, ఒకరు ఏడేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు.

బోర్డు పెడితే సరిపోతుందా?

గేటుకి 'కుక్క ఉంది జాగ్రత్త' అని బోర్డు తగిలించాం కాబట్టి మన బాధ్యత తీరిపోయిందన్నది చాలామంది నమ్మకం. నిజానికి ఆ బోర్డు రెండువైపులా పదునున్న కత్తి. వచ్చినవాణ్ని హెచ్చరించాం అని చెప్పుకోవడానికి అది పనికొస్తుంది. 'కరుస్తుందని మీకు ముందే తెలుసన్నమాట' అని ఎదుటి లాయరు నిలదీయడానికీ అదే పనికొస్తుంది!

నష్టపరిహారం కేసుల్లో మన కోర్టులు ఇంగ్లాండు నుంచి వచ్చిన న్యాయసూత్రాలనే చాలావరకూ అనుసరిస్తాయి. వాటి ప్రకారం కుక్కకు కరిచే గుణం ఉందని యజమానికి తెలిస్తే చాలు, అది చేసిన నష్టానికి అతనే బాధ్యుడు. తెలియకపోయినా జాగ్రత్త పడలేదని రుజువైతే పరిహారం ఇవ్వాల్సిందే. మరణం సంభవిస్తే 1855 నాటి చట్టం కింద మృతుడి భార్యాపిల్లలు, తల్లిదండ్రులు పరిహారం కోరవచ్చు.

మరి దొంగతనానికో, అనుమతి లేకుండానో వచ్చినవాళ్ల మాటేమిటి? లండన్‌లో ఒక పాతసామాన్ల యార్డులోకి రాత్రిపూట వెళ్లిన మహిళను అక్కడి అల్సేషియన్ కరిచింది. గేటు మీద హెచ్చరిక బోర్డు ఉంది. కుక్క ఉందని ఆమెకీ తెలుసు. తెలిసి తెలిసీ ప్రమాదంలోకి వెళ్లారు కాబట్టి పరిహారం ఇవ్వక్కర్లేదని 1976లో అప్పీలు కోర్టు తేల్చింది. ఆ ఘటన తర్వాత, 1975లోనే బ్రిటన్ కాపలా కుక్కల కోసం ప్రత్యేక చట్టం తెచ్చింది. దాని ప్రకారం కాపలా కుక్కను అదుపు చేసే మనిషి పక్కనే ఉండాలి. లేదంటే దాన్ని కట్టేసి ఉంచాలి. ప్రతి ద్వారం దగ్గరా బోర్డు తప్పనిసరి.

మన దగ్గర 'నా జాగాలోకి వచ్చాడు, నా ఇష్టం' అంటే చెల్లదు. బిహార్‌లో ఒకాయన ఇతరులు తన మరుగుదొడ్డి వాడకుండా కరెంటు తీగ అమర్చాడు. అది తగిలి ఓ మహిళ చనిపోయింది. అనుమతి లేకుండా వచ్చినంత మాత్రాన ప్రాణం తీసే ఏర్పాటు చేసే హక్కు యజమానికి లేదని 1963లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అది కుక్క కేసు కాకపోయినా సూత్రం మాత్రం ఒకటే. ఆత్మరక్షణ హక్కు అవసరమైన మేరకే. దొంగను మొరిగి తరిమేయడం కాపలా. గోడ దూకి పారిపోతున్నవాణ్ని చీల్చేయమని వదలడం కాదు.

ఇక తపాలా మనిషి, గ్యాస్ సిలిండర్ తెచ్చే కుర్రాడు, కరెంటు రీడింగు తీసే ఉద్యోగి, పనమ్మాయి... వీళ్లెవరూ దొంగలు కారు. పనిమీద వచ్చినవాళ్లు. వాళ్లు గేటు తీసుకుని లోపలికి రావడం మామూలే కాబట్టి వాళ్ల భద్రత యజమాని పూచీ. అలాగని అన్నిసార్లూ తప్పు యజమానిదే అనలేం. కట్టేసిన కుక్కను రాళ్లతో కొట్టి రెచ్చగొట్టారని తేలితే పరిహారం తగ్గొచ్చు, అసలు రాకపోనూవచ్చు.

గొలుసే కోపం పెంచుతుంది

కాపలా కుక్క అనగానే దానికి కోపం ఉండాలనీ, అందుకు రోజంతా కట్టేయాలనీ అనుకుంటారు కొందరు. మనుషుల్ని చూడకుండా, ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ దగ్గరికి రాకుండా పెరిగిన కుక్క ప్రతి కొత్త మనిషినీ శత్రువనే అనుకుంటుంది. మూడో వారం నుంచి మూడు, మూడున్నర నెలల వయసు దాకా కుక్కపిల్ల ప్రపంచాన్ని పరిచయం చేసుకునే కాలం. అప్పుడే పిల్లలు, గొడుగులు, హెల్మెట్లు, స్కూటర్ల చప్పుడు అన్నీ అలవాటు చేయాలి. మంచి కాపలా కుక్క అంటే కనిపించినవాణ్నల్లా కరిచేది కాదు. మొరిగి, యజమాని చెప్పగానే ఆగేది.

కుక్కను ఎప్పుడూ గొలుసుకు కట్టేసి, తిప్పకుండా ఉంచడం కూడా నేరమే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో ఆ మాట స్పష్టంగా ఉంది.

జాతిని బట్టి నిషేధిస్తే సరిపోతుందన్న వాదనా ఉంది. 2024 మార్చిలో పిట్‌బుల్, రాట్‌వైలర్ సహా 23 జాతుల కుక్కల పెంపకాన్ని, అమ్మకాన్ని ఆపాలంటూ కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధిత వర్గాలతో సంప్రదించలేదంటూ ఆ మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. జాతి ఏదైనా చివరికి గొలుసు పట్టుకున్న చెయ్యే ముఖ్యం.

కాటు పడితే...

కేసులు తర్వాత. ముందు ప్రాణం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. కాబట్టి పసర్లు, కారం, సున్నం జోలికి పోకుండా వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గాయాన్ని కడగాలి. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు సర్కారు ఆసుపత్రుల్లో మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజుల్లో చేతికే చర్మంలోకి టీకా ఇస్తారు. గాయం లోతుగా ఉండి రక్తం వస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో ఈ చికిత్సకు ఏళ్లుగా పేరుంది.

'మా కుక్కకి టీకా వేయించాం' అని యజమాని చెప్పినా డాక్టరు సలహా లేకుండా చికిత్స మానకూడదు. కుక్కను చంపకుండా, పారిపోనీయకుండా పది రోజులు గమనించాలి. అది ఆరోగ్యంగా ఉంటే కరిచిన నాటికి దాని లాలాజలంలో రేబిస్ లేనట్టే. కోపంతో కుక్కకు విషం పెడితే ఆ సమాచారం పోతుంది. పైగా అదో కొత్త నేరం. అయిదేళ్ల వరకూ జైలు పడొచ్చు.

గాయం ఫొటోలు, ఆసుపత్రి చీటీలు, మందుల బిల్లులు, చూసినవాళ్ల వివరాలు భద్రపరచుకోవాలి. రేపు పోలీసు స్టేషన్లో అయినా, సివిల్ కోర్టులో అయినా మాట్లాడేవి అవే. కోర్టు ఖర్చు భరించలేని మహిళలు, పిల్లలు, పేదలు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయిస్తే ఉచితంగా లాయరును ఇస్తారు. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే పరిహారం సంగతి లోక్ అదాలత్‌లో తేల్చుకోవచ్చు.

యజమానులూ... ఇవి మరవొద్దు!

• మున్సిపాలిటీలో కుక్కను నమోదు చేయించండి. ఏటా రేబిస్ టీకా వేయించి, ఆ కార్డు అందుబాటులో ఉంచుకోండి.

• కాలింగ్ బెల్ మోగితే ముందు కుక్కను లోపలి గదిలో పెట్టి, తర్వాతే తలుపు తీయండి.

• పార్శిల్ తెప్పించుకుంటే 'ఇంట్లో కుక్క ఉంది, కింద ఉండండి, నేనే వస్తా' అని ఫోన్లో చెప్పండి.

• లిఫ్టులో, మెట్ల మీద పొట్టి గొలుసు పట్టుకోండి. ఎవరైనా భయపడితే వాళ్లను ముందు వెళ్లనివ్వండి.

• పెద్ద కుక్కను పదేళ్ల పిల్లల చేతికిచ్చి వీధిలోకి పంపొద్దు.

• ఒకసారి కరిచిందంటే... దాని స్వభావం మీకు తెలిసినట్టే. రెండోసారి 'తెలియదు' అంటే ఎవరూ నమ్మరు.

• కరిస్తే తలుపేసుకోకండి. మీరే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఖర్చు పెట్టుకోండి. చాలా గొడవలు కోర్టు దాకా పోయేది కాటు వల్ల కాదు, ఆ తర్వాత మాట్లాడిన మాటల వల్ల.

మొరిగే కుక్క కరవదన్నారు పెద్దలు. కానీ మూడో అంతస్తులో పార్శిల్ పట్టుకుని నిలబడ్డ కుర్రాడికి ఆ సామెత గుర్తుకు రాదు. దాని కోరలే కనిపిస్తాయి. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అన్నదీ పాత సామెతే. ఇప్పుడా దెబ్బ పడేది కుక్కకు కాదు, గొలుసు వదిలేసిన మనిషికి. అందుకే... ఈసారి బెల్ మోగినప్పుడు తలుపు గడియకన్నా ముందు కుక్క గొలుసు అందుకోండి!