కరక్కాయ కుటుంబపు వగరు

కరక్కాయ ముక్కను బుగ్గన పెట్టుకొన్నవారికి ఫినాలిక సమ్మేళనములను గూర్చి వేరుగ ఉపోద్ఘాతము అక్కరలేదు. లాలాజలమునందలి మాంసకృత్తులు ఆ కాయలోని టానిన్లతో కలిసి ముద్దకట్టగా, నోటి నునుపు పోయి, నాలుక దళసరియైనట్లు తోచుటయే వానితో మన ప్రథమ పరిచయము. ఆ వగరు ఒక్క కరక్కాయ సొత్తు కాదు. తానికాయ, తెల్లమద్ది, వీధులలో నీడకై పెంచు బాదము, వీనినెల్ల వృక్షశాస్త్రజ్ఞులు టెర్మినేలియా అను ఒకే ప్రజాతిలో చేర్చిరి. త్రిఫలచూర్ణములో ఈ జ్ఞాతులలో ఇద్దరు కలరు; మూడవదగు ఉసిరిక వేరొక వంశమునది. పొడిగొట్టిన పిమ్మట ఎవరు ఎవరో తేల్చుటయే చిక్కు.

ఈ వగరును రంగుగా మార్చి చూచుట మన కలంకారీ పనివారికి చిరపరిచితము. శ్రీకాళహస్తిలో పాలు కలిపిన కరక్కాయ రసమున బట్టను ముంచి యారవేసి, ఇనుపముక్కలను బెల్లపునీట పులియబెట్టి వడకట్టిన ద్రవముతో కలము నడుపగా, గీచినప్పుడు పలుచనగు గీత చూచుచుండగనే నల్లబడును. విద్యార్థి కషాయమునకు ఫెర్రిక్ క్లోరైడ్ రెండు చుక్కలు చేర్చి నీలినలుపును చూచుట కూడ ఇనుమునకు, టానిన్లకు గల ఈ చెలిమియే.

ఉన్నదని తెలిసిన మీదట ఎంత యున్నదో తెలియవలెను. ఎండిన కాయల పెచ్చును పొడిచేసి, నీరు కలిపిన మిథనాలులో నానవైచి, వడకట్టిన సారమునకు ఫోలిన్, చియోకాల్టూ అనువారు 1927లో ప్రకటించిన ద్రావకమును, పిదప సోడియం కార్బొనేటును చేర్తురు, నీలిరంగు పుట్టును. దాని గాఢతను 765 నానోమీటర్ల కాంతిలో కొలిచి, గాలిక్ ఆమ్లముతో సరిపోల్చి లెక్క కట్టుదురు. అయితే ఆ ద్రావకము మొదట మాంసకృత్తుల పరీక్షకై పుట్టినది. సి విటమినును చూచినను అది నీలమగును. కనుక ఆ మొత్తపు సంఖ్య ఇంటిపేరు చెప్పునే గాని పేరు చెప్పదు. అట్టి సంఖ్యను సీసాపై అచ్చువేసి ఆరోగ్యమును అమ్మువారి మాట నాకు రుచింపదు. పరీక్షనాళికలోని గుణమెల్ల ప్రేగు దాటి రక్తములో చేరునన్న పూచీ లేదు.

పేరు తెలియుటకు హెచ్.పి.ఎల్.సి. యంత్రము కావలెను. సన్నని సిలికా రేణువులు కూరిన గొట్టములో సారమును అధికపీడనముతో నడిపింపగా, నీటిని మిక్కిలి ప్రేమించునవి ముందును, గొట్టమును అంటిపెట్టుకొనునవి వెనుకను బయటికి వచ్చి, కాగితముపై శిఖరములుగ నిలుచును. కరక్కాయలోని చెబులాజిక్, చెబులినిక్ ఆమ్లములకు భేదము రెండు హైడ్రోజన్ పరమాణువులు మాత్రమే: మొదటిదానిలో రెండు గాలిక్ శాఖలు చేయి కలుపుకొన్నవి, రెండవదానిలో కలుపుకొనలేదు. అణుభారము ఒకదానికి సుమారు 954, మరొకదానికి 956. ఇంతటి కవలలను సైతము ఆ గొట్టము విడదీయును. గాలిక్, ఎలాజిక్ ఆమ్లములు మాత్రము ఈ చుట్టములందరి యింటను కనబడునవే. వానిలో ఎలాజిక్ ఆమ్లము పేరే ఒక చమత్కారము. మాచికాయవంటి బుడిపెలకు ఫ్రెంచివారు వాడు మాటను బ్రాకొన్నో అను రసాయనశాస్త్రజ్ఞుడు వెనుకనుండి చదివి దానిని కల్పించెను.

అయినను యంత్రమును నడుపువాడు పొయ్యిని మరువరాదు. నాలుగవ వంతు మిగులునట్లు కషాయమును కాచునప్పుడు పెద్ద టానిన్లు కొంత విరిగి గాలిక్, ఎలాజిక్ ఆమ్లములను విడిచిపెట్టును. అందుచే ఒక శిఖరము కుంగి మరియొకటి లేచును. ఒకే చెట్టు కాయల చూర్ణమునకును కషాయమునకును గీసిన రెండు రేఖలను ప్రక్కప్రక్కన నుంచినచో, తెలియనివాడు అవి రెండు వేర్వేరు చెట్లవని పొరబడవచ్చును.