ఆబోతులలో శిశ్న రక్తగడ్డ: గుర్తింపు, చికిత్స

సంపర్క సమయంలో ఆవు పక్కకు జరిగినా, కూలబడినా, ఆబోతు శిశ్నం ఒక్కసారిగా వంగి, దానిని చుట్టి ఉన్న ట్యూనికా ఆల్బుజీనియా పొర చిట్లుతుంది. సాధారణంగా ఎస్ ఆకారపు వంపు దిగువ మలుపు వద్ద ఇలా జరుగుతుంది. వెలువడిన రక్తం గడ్డకట్టి, వృషణకోశానికి ముందు వాపుగా కనిపిస్తుంది. దానిని చీముగడ్డగా భ్రమించి సూదితో గుచ్చడం తీవ్రమైన పొరపాటు. సూక్ష్మజీవులు చేరి అప్పుడు నిజంగానే చీము పడుతుంది, శిశ్నం పరిసర కణజాలానికి అతుక్కుపోతుంది. ఒంగోలు వంటి జాతులలో ముందోలు వేలాడుతూ ఉండటం వలన, అది బయటకు జారి గాయపడే ప్రమాదమూ ఉంది. వాపు చిన్నదైతే యాంటీబయాటిక్‌లు ఇచ్చి, కనీసం 60 రోజులు ఆవులకు దూరంగా ఉంచాలి. పెద్దదైతే, అతుకులు గట్టిపడకముందే, సుమారు పది రోజులలోపు శస్త్రచికిత్స చేసి గడ్డను తీసి, చిట్లిన పొరను కుట్టాలి. ఆ తరువాత కూడా విశ్రాంతి తప్పనిసరి. తొందరపడి దాటుకు వదిలితే ఆ పొర మళ్లీ చిట్లవచ్చు.