పేరు లేని పుల్లర్

రెండు కాళ్లు, వాటిని పట్టి ఉంచే అడ్డపట్టీ, మధ్యలో పొడవాటి స్క్రూ. కంపెనీ పేరు లేదు, సైజు అంకె లేదు. హైదరాబాద్‌లో లింగంపల్లి వైపు పాత ఇనుము కొట్లో ఇలాంటిది కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ వైపే ఉన్న హైటెక్ సిటీలో ఐటీ భవనం సైబర్ టవర్స్ వచ్చింది 1998లో. కానీ రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ కర్మాగారానికి పునాది పడింది చెకోస్లోవేకియా సాయంతో, అంతకు దశాబ్దాల ముందు. ఇనుముతో పని ఇక్కడ కొత్తది కాదు.

ఇది దేన్ని ఊడదీయడానికి చేశారు?

బేరింగ్‌ను షాఫ్టు మీద బిగువుగా ఎక్కిస్తారు. షాఫ్టు లావు, బేరింగ్ రంధ్రం కన్నా మిల్లీమీటరులో వందోవంతు అటూఇటూగా ఎక్కువ. సుత్తితో కొడితే ఓరగా కదిలి ఇంకా ఇరుక్కుంటుంది. పుల్లర్ బేరింగ్‌ను వెనక నుంచి లాగుతూ, స్క్రూతో షాఫ్టును ఎదురు నెడుతుంది. 25 సెంటీమీటర్ల పానా చివర 20 కిలోల బలం పెట్టారనుకోండి. చుట్టుకు 1.5 మిల్లీమీటర్లు దిగే స్క్రూ, లెక్క ప్రకారం, 20 టన్నులతో నెట్టాలి. పదింట తొమ్మిది వంతులు రాపిడికి పోయినా రెండు టన్నులు మిగులుతాయి. మరకు గ్రీజు పూయనివాడికి అదీ దక్కదు.

అందుకే ముందు కాళ్ల చివరలు చూడాలి. కొక్కెం పలచగా ఉంటే బేరింగ్‌ది కావచ్చు, లోపలి రింగు వెనక సందులో దూరాలి కదా. బయటి రింగు పట్టుకుని లాగితే బరువంతా గోళీల మీద పడి, అవి తిరిగే గాడిలో గుంటలు పడతాయి. కొక్కెం మొద్దుగా ఉంటే పుల్లీకో గేరుకో. బయటికి తిరిగి ఉంటే రంధ్రం లోపలి నుంచి పట్టేది. కాళ్లే లేక, గాడులున్న పట్టీ, రెండు బోల్టులు ఉంటే స్టీరింగ్ చక్రానిది. అరచేతిలో ఇమిడేంత చిన్నదైతే బ్యాటరీ టెర్మినల్‌దేమో చూడండి. దాన్ని బేరింగ్‌కు తగిలిస్తే విరుగుతుంది.

తర్వాత కొలతలు. ఉదాహరణకు 6204 రకం బేరింగ్ బయటి వ్యాసం 47 మిల్లీమీటర్లు. కాళ్ల మధ్య ఎడం 40కే ఆగిపోతే ఆ బేరింగ్ సంగతి మరిచిపోవచ్చు.

స్క్రూ మరకు, దాని పళ్లను కొలిచే పిచ్ గేజ్ పెడితే పుల్లర్ వయసు తెలుస్తుందంటారు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన మర కోణం 55 డిగ్రీలు, మెట్రిక్‌ది 60. మన దేశం మెట్రిక్‌కు మారడం మొదలైంది 1958లో. కానీ పాత ట్యాపులు, డైలు దాచుకున్న లేతు షాపు ఆ తర్వాత కూడా విట్‌వర్తే కోయగలదు. నేనైతే ఈ సాక్ష్యాన్ని పెద్దగా నమ్మను.

కాళ్ల అంచుల్లో గ్యాస్ కటింగ్ గరుకు, అతుకు దగ్గర వెల్డింగ్ ముద్ద కనిపిస్తే అది ఏదో ఒక్క యంత్రం కోసం షెడ్డులోనే కోసిన పుల్లర్ అయి ఉండొచ్చు. కాళ్ల పొడవుల్లో తేడా ఉంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. అలాంటప్పుడు కేటలాగుల్లో వెతకడం దండగ. ఏ షెడ్డు తుక్కుతో కలిసి వచ్చిందో కొట్టువాణ్ణి అడగాలి.