12 వారాల చికిత్స, ఏడాది తర్వాత ఫలితం

కొకైన్ వ్యసనాన్ని మాన్పించే మందంటూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇప్పటికీ ఒక్కదాన్నీ ఆమోదించలేదు. అందుకే చికిత్స భారమంతా కౌన్సెలింగ్ మీదే పడింది. అందులో ఎక్కువ పరిశోధన జరిగిన పద్ధతుల్లో కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ) ఒకటి.

యేల్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త కాథ్లీన్ కారోల్ దీనికి రాసిన చికిత్సా గ్రంథం 1998లో వెలువడింది. అందులోని లెక్క 12 వారాలు, 12 నుంచి 16 సిట్టింగులు. ఒక్కో సిట్టింగు గంట. మొదటి 20 నిమిషాలు గడిచిన వారం గురించి: ఎప్పుడు యావ పుట్టింది, ఎక్కడ, పక్కన ఎవరున్నారు? తర్వాతి 20 నిమిషాల్లో ఒక కొత్త నైపుణ్యం నేర్పుతారు. చివరి 20లో వచ్చే వారం ఏం సాధన చేయాలో తేలుస్తారు.

ఈ పద్ధతి అసలు బలం చిన్న నిర్ణయాలను పట్టుకోవడంలో ఉంది. జీతం అందిన సాయంత్రం ఒకతను రోజూ వెళ్లే దారి మాని, పాత స్నేహితుడి వీధిలోంచి ఇంటికి బయల్దేరాడనుకుందాం. 'ఊరికే అటు వెళ్లాను' అంటాడు. థెరపిస్టు ఆ మలుపు దగ్గరే ఆపి అడుగుతారు: జేబులో డబ్బెంత ఉంది? అప్పుడు మనసులో ఏముంది? పొడి చేతికి అందాక ఆగడం కష్టం, ఆ మలుపులో ఆగడం చాలా తేలిక. యావ కూడా ఎప్పటికీ అలాగే ఉండిపోదు. పెరిగి, సాధారణంగా గంటలోపే దిగిపోతుంది. ఆ కాసేపు ఎలా గడపాలో ముందే కాగితం మీద రాసిపెట్టుకోవాలి.

ఫలితాల మాటేమిటి? 139 మందితో జరిగిన 1994 నాటి పరీక్షలో 12 వారాల చివర సీబీటీకి చెప్పుకోదగ్గ ఆధిక్యం కనబడలేదు. కానీ తర్వాతి ఏడాది గమనిస్తే, సీబీటీ పొందినవారు మెరుగవుతూనే వచ్చారు. నాకు అన్నిటికన్నా విలువైన ఫలితం అదే. 2014లో 101 మంది మీద 8 వారాల కంప్యూటర్ సీబీటీని పరీక్షించారు. వరుసగా 3 వారాలు కొకైన్ ముట్టనివారు మామూలు చికిత్సలో 17 శాతమైతే, దీన్ని జోడించినప్పుడు 36 శాతం. అయితే 487 మందితో జరిగిన 1999 నాటి అధ్యయనంలో మాత్రం వ్యక్తిగత, బృంద కౌన్సెలింగ్ కలిపి పొందినవారే సీబీటీ కోవకు చెందిన కాగ్నిటివ్ థెరపీ పొందినవారి కన్నా మెరుగ్గా నిలిచారు. కాబట్టి ఇదొక్కటే మార్గమని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

మన దేశంలో 2019 ప్రభుత్వ సర్వే ప్రకారం కొకైన్ వాడినవారు సుమారు 10.7 లక్షలు. మీ ఇంట్లో అలాంటివారుంటే పరువుకు వెరచి దాచకండి. 14446కు ఫోన్ చేయండి, అది జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్.